పేరు లేని పొట్లం

డబ్బాలో కాగితం

మందు డబ్బా విప్పితే లోపల పది మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి ఉంటుంది. చీమ తలకాయంత అక్షరాలు, అంతా ఇంగ్లీషు. మా దుకాణంలో దాన్ని తీసి చెత్తబుట్టలో వేసేవారు. నేను మాత్రం జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడిని. నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. వరంగల్ చౌరస్తాలో పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన డిక్షనరీ ఒకటి కొని, ఆ కాగితాలు ఒక్కొక్కటీ ముందేసుకుని కూర్చునేవాడిని. మొదట్లో ఒక్కో కాగితానికి వారం పట్టేది. నాకొచ్చిన ఇంగ్లీషంతా అదే. ఎవరైనా కుశలం అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం ఇప్పటికీ రాదు కానీ, "ఈ మందు ఎవరు వాడకూడదు" అన్న పేరా ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చూపించగలను.

నలభై ఒక్క ఏండ్లు వరంగల్‌లో ఒకే మందుల దుకాణంలో, ఒకే కౌంటర్ వెనకాల నిలబడ్డాను. మోకాళ్లు ఇక మావల్ల కాదన్నాక మానేశాను. ఫార్మసీ చదివి కొత్తగా కౌంటర్ వెనక్కి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బీరువాలు ఎట్లా సర్దాలో, గడువు తేదీలు ఎట్లా చూడాలో మీ కాలేజీలో చెప్పే ఉంటారు. మగవాళ్ల సిగ్గు గురించి చెప్పి ఉండరు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఒంటికి, అంటే మూత్రం, సరిగ్గా రాని పెద్దాయన, నెత్తి మీద జుట్టు పల్చబడ్డ నడివయసు మనిషి, ఈ ఇద్దరూ కౌంటర్ దగ్గరికి రాగానే గొంతు తగ్గిస్తారు. ఆ సిగ్గుకు మర్యాద చేయబోయి నేను ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ ఎత్తిచూపే పని లేకుండా. నేను ఫార్మసిస్టును కాను. మా దుకాణం గోడకు అద్దం బిగించిన ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఒకటి వేలాడేది. దాని మీద ఫొటోలో ఉన్న మనిషిని ఇన్నేండ్లలో నేను మూడుసార్లు చూశాను. చదువుకున్నవాడి ఫొటో గోడ మీద, చదువుకోనివాడు కౌంటర్ మీద! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అట్లాగని నేను తప్పుకుని నిలబడలేదు. ఆ ఫొటో కింద నిలబడే అన్నం తిన్నాను.

విశ్వనాథం సేటు

మా యజమాని విశ్వనాథం సేటు. తెల్ల ధోవతి, తెల్ల లాల్చీ, చెవి మీద పెన్సిలు. పొద్దున్నే తాళం తీయగానే మొదటి సొరుగుకు అగరుబత్తి చూపించేవాడు. ఆ అగరుబత్తి వాసన, లోపలి గదిలోంచి వచ్చే స్పిరిట్ వాసన, ఎదురుగా ధాన్యం బస్తాలు దించుతుంటే లేచే దుమ్ము వాసన, ఈ మూడూ కలిస్తే నాకు దుకాణం. ఇప్పటి ఏసీ షాపుల్లోకి పోతే ఏ వాసనా రాదు. నాకు మందుల మధ్య ఉన్నట్టే అనిపించదు.

నేను చేరిన కొత్తలో లోపలి గదిలో దగ్గు మందు, కడుపు మందు మేమే కలిపేవాళ్లం. సీసాకు కాగితం పట్టీ అంటించి, ఎన్ని మోతాదులో అన్ని కోతలు కత్తిరించేవాడు సేటు. చదువురాని మనిషి కూడా ఆ కోతలు లెక్కపెట్టుకుని తాగేది. ఎంత తెలివైన పని! అట్లాంటి మనిషే పొట్లం పద్ధతి కూడా మొదలుపెట్టాడు.

మా కౌంటరుకు ఎడమ చివర, బరువు చూసుకునే యంత్రం పక్కన, చిన్న మూల ఉండేది. మగవాడు ఎవరైనా వచ్చి జనంలో కలవకుండా ఆ మూలన నిలబడ్డాడంటే మాకు అర్థమయ్యేది. మొలల బాధో, మూత్రమో, జుట్టో, ఇంకేదో. సేటు అటు నడిచేవాడు. "అదే సేటూ," అనేవాడు ఆ మనిషి. అంతే. సేటు కింది సొరుగు తీసి, మందు రేకులోంచి గోలీలు ఒక్కొక్కటే నొక్కి బయటికి తీసి, పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి, పైన "పొద్దున ఒకటి" అనో "తిన్నంక ఒకటి" అనో రాసి ఇచ్చేవాడు. మందు పేరు ఉన్న రేకు మా చెత్తబుట్టలోకి పోయేది.

ఒకసారి అడిగాను, ఎందుకీ తంటా అని.

"రేకు ఇంట్లకు పోతే పేరు పోయినట్టే ఓదెలూ," అన్నాడు సేటు. "ఎన్కట ఫికర్ లేకుండె. ఇప్పుడు ఇంట్ల పొల్లగాండ్లందరు బడికి పోతాండ్రు. రేకు దొరికితే సాలు, కూడబలుక్కొని సదువుతాండ్రు. తాతా, నీకేమైందే అని అందరి ముంగట అడుగుతాండ్రు. మగోని మందు పేరు మన కౌంటర్ దాటద్దు."

ఊరిలో అక్షరాస్యత పెరిగిన కొద్దీ మా పొట్లాలు పెరిగాయి. నవ్వు రావడం లేదూ మీకు? మాకు అప్పుడు గర్వంగా ఉండేది. హనుమకొండలో నాలుగడుగులకో మందుల షాపు ఉన్నా, అక్కడివాళ్లు ఆటో ఎక్కి మా దగ్గరికి వచ్చేవాళ్లు. తర్వాత కాలంలో సేటు కొడుకు కంప్యూటర్ బిల్లు పెట్టించాడు. బిల్లు మీద మందు పేరు అచ్చవుతుంది కదా, ఎడమ మూలవాళ్లు చేయి అడ్డం పెట్టి "బిల్లొద్దు" అనేవాళ్లు. మేమూ ఇచ్చేవాళ్లం కాదు.

జలుబు గోలీ

నా మొదటి పెద్ద తప్పు పొట్లానికి సంబంధించింది కాదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి మిర్చి అమ్మడానికి వచ్చిన రైతు ఒకాయన, డెబ్బై దగ్గర వయసు, ముక్కు కారుతోందని గోలీ అడిగాడు. ఇచ్చాను. అందరికీ ఇచ్చేదే.

నాలుగు రోజులకు ఆయన మళ్లీ వచ్చాడు. ఎడమ మూలకు పోలేదు. నడి కౌంటర్ ముందు నిలబడి, తువ్వాల నడుముకు బిగించి తిట్లు అందుకున్నాడు.

"ఏం గోలీ ఇచ్చినవ్ రా నాకు? ముక్కు కారుడు బందు జెయ్యిరా అంటే కింద గూడ బందు జేసినవ్! రెండు రోజులు పెద్ద దవాఖాన్ల గొట్టం ఏసుకొని పండిన. మిర్చి కల్లం గాడ, నేను గీడ!"

దుకాణమంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం ఇంటికి పోయి ఆ మందు కాగితం తీశాను. నా కాగితాలన్నీ బిస్కెట్ డబ్బాల్లో అక్షరాల వరసన పెట్టుకునేవాడిని. అందులో స్పష్టంగా ఉంది: ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు ఈ రకం జలుబు మందు మూత్రాన్ని ఆపేయవచ్చు. నేను చదివిన కాగితమే. చదివినప్పుడు ఆ మాట నాకు ఒక వాక్యంగానే మిగిలింది. గొట్టం పెట్టుకుని రెండు రోజులు పడుకున్న మనిషి వచ్చి తిడితేనే మందు అయింది.

ఆ రోజు నుంచి జలుబుకు గోలీ అడిగిన ప్రతి పెద్దమనిషినీ ఒక ప్రశ్న అడిగాను: "ఒంటికి మంచిగొస్తాందా?" కొందరు ఎగిరిపడ్డారు. "ముక్కుకు మందడిగితే గదెందుకయ్యా నీకు?" అన్నారు. అననివ్వండి. మీరూ అడగండి.

ఒకటే మందు

ప్రోస్టేట్‌కు రెండు రకాల మందులు వస్తాయి. ఒకటి దారిని వదులు చేసేది, టామ్సులోసిన్ లాంటిది. కొద్ది రోజుల్లోనే సుఖం తెలుస్తుంది, కానీ మొదట్లో మంచం మీంచి దిగ్గున లేస్తే కళ్లు తిరుగుతాయి. రెండోది గ్రంథినే మెల్లగా కుదించేది, ఫినాస్టరైడ్. నెలలు పడుతుంది. ఈ రెండోది వాడిన ముసలివాళ్లకు జుట్టు రాలడం తగ్గుతోందని తెలిశాక, అదే మందును ఐదో వంతు మోతాదులో జుట్టు గోలీగా తెచ్చారు. గ్రంథి పెరగడానికీ, మగవాళ్ల నెత్తి పల్చబడడానికీ వెనక ఉన్న హార్మోను ఒకటే. అందుకే మందూ ఒకటే.

ఈ సంగతి మా ఎడమ మూలకు ఎంత త్వరగా చేరిందో! జుట్టు గోలీ దొరకనప్పుడు ప్రోస్టేట్ గోలీనే బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి ఇచ్చాను. నా చేతులతోనే, గాజు పలక మీద పెట్టి కోశాను. ఒకరోజు ఒకాయన, "నువ్వు కోసుడెందుకన్నా, గోలీలే ఇయ్యి, ఇంట్ల మా ఆమె కోస్తది, మొన్న సేటు నిండు గోలీలే ఇస్తే ఆమెనే కోస్తాంది, నెల దప్పింది గదా, కూసుండి చేసే పనులే చేస్తాంది," అన్నాడు. నా చేతిలో బ్లేడు ఆగిపోయింది. కడుపుతో ఉన్న ఆడమనిషి ఈ మందు ముక్కలను, పొడిని ముట్టుకోకూడదని, కడుపులోని మగబిడ్డకు చేటని కాగితంలో ఉంది. నేను చదివాను. ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, మూలలో మాటలు తక్కువగా ఉండాలని మా దుకాణం మర్యాద. అప్పుడే చెప్పాను. ఆయన పరుగున పోయాడు. బిడ్డ బాగానే పుట్టింది, ఆడపిల్ల.

ఆ దినం నుంచి కోయడం మానేశాను. చిన్న మోతాదు గోలీలే తెప్పించాను. అయితే వాటినీ రేకులోంచి నొక్కి, పొట్లం కట్టే ఇచ్చాను. సగం పాఠమే నేర్చుకున్నాను.

సమ్మయ్య జుట్టు

సమ్మయ్య చీరల దుకాణంలో సేల్స్‌మన్. మా దుకాణానికి రెండు సందుల అవతల. మాకిద్దరికీ చాయ్ దోస్తీ. చీర మడత విప్పి, కుచ్చిళ్లు పట్టి, పైట భుజాన వేసుకుని అద్దం ముందు తిరిగితే, బేరం చేయడానికొచ్చిన ఆడవాళ్లు బేరం మరిచిపోయి చూసేవాళ్లు. గొప్ప పనివాడు.

యాభైకి ఒక ఏడాది తక్కువుండగా ఒకరోజు వచ్చి ఎడమ మూలన నిలబడ్డాడు.

"నువ్వేందిరా గక్కడ?" అన్నాను.

"మెల్లగనే అన్నా. నాలుగు దిక్కుల అద్దాలున్న కాడ నౌకరి నాది. ఎటు మలిగినా నా నెత్తే కనవడ్తాంది. నిన్న ఒక చిన్నపిల్ల, అమ్మా గీ అంకుల్ నెత్తి లైటు లెక్క మెరుస్తాంది అన్నది. దుకాణం దుకాణం నవ్విండ్రు. చీర భుజం మీదనే ఉండిపోయింది నాకు. జర ఏదన్న ఉంటే ఇయ్యరాదు."

డాక్టరు చీటీ లేదు. అడగలేదు. ఇచ్చాను.

ఆరు నెలలకు తేడా కనిపించింది, ఏడాదికి బాగా కుదిరింది. అదే సమయంలో అతని భార్య సరోజన మందారాకు, గోరింటాకు, మెంతులు, కలోంజి గింజలు వేసి ప్రతి ఆదివారం నూనె కాచి అతని తలకు పట్టించేది. జుట్టు రాగానే, వచ్చింది తన నూనెతోనే అనుకుంది. అనుకోదా మరి? వాడకట్టు ఆడవాళ్లు సీసాలు పట్టుకుని ఆమె ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఆమె మొగుణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, నెత్తి వంచమని, పాయ తీసి చూపించేది. సమ్మయ్య ఇదంతా నాకు చెప్పి పడీ పడీ నవ్వేవాడు. "మా ఇంట్ల నేను శాంపిల్ పీసునయ్యిన్నే," అనేవాడు. తొమ్మిదేండ్లు ప్రతి నెలా నా చేతి పొట్లం అతని అంగీ జేబులోకి పోయింది.

రిపోర్టు

అతనికి యాభై ఎనిమిది నడుస్తుండగా మూత్రం ధార సన్నబడింది, మాటిమాటికీ లేవాల్సి వచ్చేది. హనుమకొండలో మూత్ర వ్యాధుల డాక్టరుకు చూపించుకుని, తిరిగివస్తూ నేరుగా మా దుకాణంలో దిగాడు. వెంట వచ్చిన సరోజన ఇంటికి పోయిందట. చీటీ మీద టామ్సులోసిన్ రాసి ఉంది.

"అంత నార్మలే అన్నా. రక్తపరీక్ష గూడ చేసిండ్రు. క్యాన్సర్ లేదట. వయసుకు గడ్డ పెరిగిందంతే."

రిపోర్టు అడిగి చూశాను. పీఎస్‌ఏ పరీక్ష. ప్రోస్టేట్‌లో చెడు ఏదైనా ఉంటే రక్తంలో పెరిగే అంకె. నాలుగు లోపల ఉండాలని పక్కన అచ్చువేసి ఉంది. అతనిది మూడు పాయింట్ ఆరు. అతని చేతి సంచిలో రెండేండ్ల కిందట ఉచిత వైద్య క్యాంపులో చేసిన ఇదే పరీక్ష కాగితం కూడా ఉంది. అప్పుడూ నార్మలే.

ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చదివాను. ఎందుకంటే ఇంకో కాగితం నాకు కంఠతా వచ్చు. ఫినాస్టరైడ్ నెలల తరబడి వాడినవాళ్లకు ఈ అంకె దాదాపు సగానికి పడిపోతుంది, జుట్టు కోసం వాడే చిన్న మోతాదుతో కూడా. చూసే డాక్టరు దాన్ని రెండింతలు చేసి లెక్కేసుకోవాలి. అందుకు డాక్టరుకు ముందు సంగతి తెలియాలి.

"జుట్టు గోలీ గురించి సారుకు చెప్పినవా?"

"మెల్లగ అనే, ఎవరన్న ఇంటరు."

"చెప్పినవా, లేదా?"

"ఏమేం గోలీలు ఏసుకుంటానవని అడిగిండు. సరోజన సంచి బోర్లిచ్చింది. బీపీ గోలీల రేకు, గ్యాసు గోలీల రేకు, దాంతోని నీ పొట్లం! నా అంగీలకెళ్లి ఎప్పుడు తీసిందో ఏమో. సారు పొట్లం ఇప్పి, ఇదేంది అన్నడు. విటమినన్న."

"నమ్మిండా?"

"నమ్మక ఏం జేత్తడు? దాని మీద పేరుందా, ఊరుందా!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. లోపలి గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టి చెప్పాను. "నీ నంబరు మూడున్నర అనుకోకు. ఏడు అనుకో. క్యాంపుల జూసింది గూడ రెండింతలే. డాక్టర్ లోపల ముక్క తీసి చూడాలె."

"అంటే క్యాన్సరా?"

"కావచ్చు, కాకపోవచ్చు. చూడనిదే తెల్వది. పోయి చెప్పు."

"సరోజనకు తెలుస్తది గదనే," అన్నాడు. "అది నా నెత్తి చూపెట్టుకుంట వాడకట్టుల తలెత్తుకొని తిరుగుతాంది. తొమ్మిదేండ్లు నీ నూనె కాదే, గోలీ అని ఇప్పుడు చెప్పాల్నా? నలుగుట్ల దాని మొఖం ఏంగావాలె?"

"ప్రాణమే పోతదిరా."

"పోదు తీ. నార్మలని కాయిదం మీద రాసిండ్రు."

"రేపు పొద్దుమూకెదాక చూస్త. నువ్వు చెప్పకపోతే నేనే పోత."

"పోతే మన దోస్తీ ఖతం," అని లేచిపోయాడు.

ఈ మాటలు చదివి అతన్ని మూర్ఖుడు అనుకోకండి. పెండ్లాం పరువు కోసం ప్రాణం పణంగా పెట్టిన మనిషి అతను. నాకు కోపం వచ్చింది అతని మీద కాదు. ఆ విటమిన్ అబద్ధం నిలబడడానికి జాగా ఇచ్చింది నా పొట్లం.

హనుమకొండలో

మరునాడు సాయంత్రం దాకా చూశాను. సమ్మయ్య పోలేదు, చాయ్‌కి కూడా రాలేదు. విశ్వనాథం సేటు అప్పటికి బాగా పెద్దవాడయ్యాడు. గల్లా వదిలేసి, ద్వారం పక్కన కుర్చీలో కూర్చునేవాడు. ఆయన దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఎడమ మూలలో విన్నమాట బయట పెట్టడమంటే ఆయన చేతుల మీద పెరిగిన నాకు ఎంత కష్టమో ఆయనకు తెలుసు.

సేటు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పేరు చెప్పద్దన్నది నేనే," అన్నాడు. "డాక్టర్‌కు గూడ చెప్పద్దన్ననారా ఓదెలూ? లే, ఆటో పిలువు."

హనుమకొండ క్లినిక్‌లో రోగిలాగానే పేరు రాయించుకుని వరసలో కూర్చున్నాను. లోపలికి పిలిచాక ఒక చీటీ డాక్టరు ముందు పెట్టాను. మనిషి పేరు, మందు పేరు, మోతాదు, తొమ్మిదేండ్లు.

డాక్టరు చీటీ చదివి తల ఎత్తాడు. "నువ్వు ఫార్మసిస్టువా?"

"కాదు సార్. కౌంటర్ మీద ఉంట."

"ప్రిస్క్రిప్షన్ ఎవరిచ్చిండ్రు?"

"ఎవ్వరియ్యలే సార్. నేనే ఇచ్చిన."

"ఆ పొట్లం నీదేనా?"

"నాదే సార్."

ఆయన తిట్టాడు. ఏమేమి తిట్టాడో రాయను, అన్నీ నాకు చెందవలసినవే. తిడుతూనే ఫోన్ తీసి సమ్మయ్యను వెంటనే రమ్మని చెప్పించాడు. నేను లేచి తలుపు దాకా వచ్చాక, వెనక నుంచి అడిగాడు:

"ఇంకెంతమందికిచ్చినవ్ ఇట్ల?"

మీరు కూడా అడగాలి డాక్టరుగారూ, అని నా మనసులో ఒక మాట లేచింది. "నెత్తికి ఏమన్నా వాడుతున్నవా" అని మగవాణ్ని విడిగా అడిగితే మీ సొమ్మేం పోయింది? జుట్టుకు వాడేది మందని వాళ్లు అనుకోరు, షోకు అనుకుంటారు. అయితే ఆ రోజు ఆ మాట అనే అర్హత నాకు లేదు. బయటికి వచ్చి, ఆయన అడిగిన లెక్క తీయడం మొదలుపెట్టాను.

జ్ఞాపకం చేసిన పని

దేవుడు నాకు ఇచ్చిన ఒకే ఒక్క డిగ్రీ జ్ఞాపకశక్తి. బిల్లులు లేవు, పుస్తకంలో రాసుకోలేదు, అయినా ఎడమ మూలన ఎవరు ఎప్పుడు నిలబడ్డారో నాకు గుర్తుంది. సినిమా హాలు దగ్గర బజ్జీలమ్మే ఆయన. రైల్వేలో గార్డుగా చేసినాయన. కాలేజీలో లెక్కలు చెప్పే ఇద్దరు. పెండ్లి కుదరక ముందు వాడి, కుదిరినా మానని నలుగురు. కూర్చుని రాస్తే ఈ మందు తీసుకున్నవాళ్లవి ఇరవై ఆరు పేర్లు తేలాయి. చనిపోయినవాళ్లను, ఊరు వదిలినవాళ్లను తీసేస్తే పంతొమ్మిది.

ఆటోల్లో, బస్సుల్లో తిరిగి ఒక్కొక్కరినీ విడిగా కలిసి, మందు పేరు పెద్ద అక్షరాలతో తెలుగులో, ఇంగ్లీషులో రాసిన చీటీ చేతిలో పెట్టాను. ఏ డాక్టరు దగ్గరకు పోయినా ఇది ముందు చూపించండి అన్నాను. లెక్కల మాస్టారు ఒకాయన చీటీని గబగబా మడిచి, "నా నెత్తి సంగతి ఊరంత చాటింపు వేస్తవా?" అన్నాడు. బజ్జీల ఆయన వేడి వేడి మిరపకాయ బజ్జీలు పెట్టి, "ఇన్నేండ్లు నేను బొక్కల బలానికనుకొని తింటాన గదనే!" అన్నాడు. అతనికి ఏ మందు ఇస్తున్నానో నాకు తెలుసు, ఏ మందు తింటున్నాడో అతనే మరిచిపోయే వీలు కల్పించాను.

ఇప్పుడు ఫోన్‌లో బొమ్మ చూసి వేలితో నొక్కితే జుట్టు గోలీలు ఇంటికి వస్తున్నాయి. రంగురంగుల డబ్బా మీద మందు పేరు కంటే కంపెనీ వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు పెద్దగా ఉంటుంది. ఇరవై రెండేండ్ల పిల్లలు మింగుతున్నారు. మనసు దిగాలుగా ఉన్నా, సంసారంలో తేడా వచ్చినా, అది మందువల్ల కావచ్చని వాళ్లకు చెప్పే దిక్కు లేదు. మా సేటు కనీసం ఆ మనిషి మొఖం చూసి ఇచ్చేవాడు.

సరోజన

సమ్మయ్యకు మళ్లీ పరీక్షలు చేశారు, ముక్క తీశారు. క్యాన్సరే. గ్రంథి అంచు దాకా వచ్చింది, దాటలేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. క్యాంపులో చూసిన రోజే తెలిసి ఉంటే కరెంటు దాకా పోయే పని ఉండకపోయేదేమో అని డాక్టరు అన్నాడట. ఆ రెండేండ్లు నా ఖాతాలోవే.

జుట్టు గోలీ మానేశాడు, పల్చబడింది. ఇప్పుడు దుకాణంలో కూర్చుని చీరలు చూపిస్తాడు. వాడకట్టు వాళ్లు సీసాలు పట్టుకుని ఇంకా వస్తున్నారట. "ఎంటికలకు గాదు, నెత్తి సల్లగుంటది, గంతే," అని చెప్పి సరోజన పోస్తోందట. ఈ సంగతులు నాకు వేరేవాళ్లు చెప్పినవే. సమ్మయ్య తన మాట నిలబెట్టుకున్నాడు. నాతో మాట్లాడలేదు.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు సరోజన దుకాణానికి వచ్చింది. కౌంటర్ నిండా జనం. చీటీ నా ముందు పెట్టింది. మందులు తీసి, రేకులు రేకులుగానే ముందు పెట్టాను. ఆమె తీసుకోలేదు.

"గోలీ సంగతి నాతోని చెప్పకపాయె, ఆయన బుద్ధి గట్లుండె," అంది. "నిన్నొకటి అడుగుత అన్నా. నాకు సదువు రాదు. ఆ పొట్లం మీద పేరున్నా నేను సదవకపోదును. గని ఆ డాక్టర్ సారు సదువుతుండె గదా?"

సేటు తన కుర్చీలోంచి నా వైపు చూశాడు.

"సదువుతుండె చెల్లె," అన్నాను.

ఆమె మొదటి రేకు ఎత్తి నా ముందు పట్టింది. "దీని పేరేంది?"

చెప్పాను. ఆమె మెల్లగా ఆ పేరును నోట్లో తిప్పుకుంది. తప్పు పలికింది. మళ్లీ చెప్పాను. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. తర్వాత రెండో రేకు ఎత్తింది. వెనకాల వరసలో ఉన్నవాళ్లు తొందరపెట్టలేదు. మూడూ అయ్యాక సంచిలో వేసుకుని, ఎక్కడ మరిచిపోతానో అని మూడు పేర్లూ పైకే అనుకుంటూ మెట్లు దిగి ఆటో ఎక్కింది.